పెదవి ముందా, పలుకు ముందా?

పల్లెటూళ్ళలో పుట్టి పెరిగిన మా తరం వారికి చాకిరేవు దృశ్యం సుపరిచితం. చెరువు ఆవలి ఒడ్డున రజకుడు తడిబట్టను ఎత్తి బండకేసి మోదడం ముందుగా కనిపిస్తుంది. ఆ దెబ్బ చప్పుడు మాత్రం అతడు బట్టను మళ్ళీ పైకెత్తే వేళకు గాని మన చెవిన పడదు. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పయనిస్తుండగా, శబ్దం 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల గాలిలో సెకనుకు సుమారు 346 మీటర్లు మాత్రమే పయనించడం ఇందుకు కారణమని పాఠకులకు విదితమే. మెరుపు ముందు, ఉరుము వెనుక. ఇది ప్రకృతి ధర్మం. చప్పుడు ముందు వినబడి, దానికి కారణమైన కదలిక తర్వాత కనబడడం ప్రకృతిలో ఎక్కడా లేదు.

ఆ విడ్డూరం నేడు మన ఇళ్ళలో జరుగుతున్నది. పెద్ద తెర గల టెలివిజన్, దానికి తోడు రిసీవరు, అయిదారు స్పీకర్లు అమర్చుకొని 'హోమ్ థియేటర్' అని మురిసిపోయే గృహస్థులు అనేకులు కొద్ది రోజులకే ఒక ఇబ్బందిని గమనిస్తారు. తెర మీది మనిషి మాట ముందు వినబడుతుంది, పెదవులు తర్వాత కదులుతాయి. కొందరి ఇళ్ళలో ఇది తారుమారుగా ఉంటుంది. దీనినే సాంకేతికులు 'లిప్ సింక్' దోషమని వ్యవహరిస్తారు. ఈ దోషం ఎలా పుడుతుంది, దానిని కొలవడం ఎలా, సరిదిద్దడం ఎలా అనే విషయాలను, మేము స్వయంగా ఎదుర్కొన్న ఒక సందర్భం ఆధారంగా ఈ వ్యాసంలో వివరించదలచాము.

ఒక ఇంటి ముచ్చట

మా విద్యుత్ కేంద్రంలో టర్బైన్ విభాగపు ఫోర్‌మన్‌గా పనిచేసి, పదవీ విరమణ అనంతరం సమీప పట్టణంలో స్థిరపడిన పెద్దాయన ఒకరున్నారు. మేము ట్రైనీ ఇంజనీర్లుగా చేరిన నాడు పుస్తకాలలో లేని పనిని మాకు నేర్పినది వారే. సుమారు మూడు దశాబ్దాలు టర్బైన్ ఫ్లోర్ మీద, ఎడతెగని హోరులో గడిపిన మనిషి. ఆ రోజులలో చెవులకు రక్షణ ధరించే అలవాటు మనలో అంతంత మాత్రం. ఫలితంగా ఉద్యోగం ముగిసేనాటికే వారి వినికిడి మందగించింది. కొన్నేళ్ళుగా చెవి మిషను వాడుతున్నారు.

గత సంక్రాంతి సెలవులలో వారిని చూడబోయాము. హాలులో గోడనిండా కొత్త టెలివిజన్, దాని చుట్టూ స్పీకర్లు. కుమారుడు తాను వాడుతున్న రిసీవరు సెట్టును తండ్రికి ఇచ్చి, కొత్త టెలివిజన్ కొనిపెట్టి వెళ్ళాడట. కాని టెలివిజన్ ఆపి ఉన్నది. పెద్దాయన వార్తాపత్రిక చదువుకొంటున్నారు.

"ఈ మధ్య టీవీ పెట్టడమే మానేశారండీ. చెవి మిషను మార్చమని పిల్లలు అంటున్నారు. ఈయనేమో వద్దంటారు" అన్నారు వారి శ్రీమతి.

"మిషను మారిస్తే మాత్రం ఏం లాభం బాబూ? చెవులే పూర్తిగా పోయాయి. పాత టీవీలో వార్తలు ఎంతో కొంత అర్థమయ్యేవి. ఇంత పెద్ద టీవీ, ఇన్ని స్పీకర్లు వచ్చాక ఒక్క ముక్క అర్థం కావడం లేదు. మరి లోపం నాదే కదా!" అన్నారు పెద్దాయన నవ్వుతూనే.

ఆ తర్కంలో ఏదో పొసగలేదని మాకు తోచింది. స్పీకర్లు మెరుగైనవి, శబ్దం స్పష్టమైనది. అయినా వినికిడి ఒక్కసారిగా క్షీణించడం ఎట్లా? టెలివిజన్ పెట్టించి వార్తలు చూశాము. వార్తలు చదివే అమ్మాయి ముఖం తెర నిండా ఉన్నది. 'ప్రధాన వార్తలు' అన్న మాట మా చెవిన పడింది. ఆ తర్వాత ఆమె పెదవులు కలిసి విడివడ్డాయి.

చెవికి కన్ను తోడు

మనం చెవితోనే వింటామని అనుకొంటాము గాని, మాటను గ్రహించడంలో కంటికి కూడా గణనీయమైన పాత్ర ఉన్నది. హోరులో మాట ఎంతవరకు అర్థమవుతుందనే అంశంపై సంబీ, పొలాక్ అనే పరిశోధకులు 1954లో ప్రయోగాలు చేశారు. మాట్లాడేవారి ముఖం కనబడుతున్నప్పుడు శ్రోతలకు ఎక్కువ పదాలు అర్థమవుతాయనీ, చప్పుడు పెరిగే కొద్దీ కంటి సాయానికి విలువ పెరుగుతుందనీ వారు తేల్చారు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనువారు మరొక విచిత్రాన్ని వెల్లడించారు. 'బ' అనే ధ్వనిని వినిపిస్తూ, 'గ' అని పలుకుతున్న పెదవులను చూపితే, అనేకులకు 'ద' అని వినిపిస్తుంది! చెవికి చేరినది ఒకటి, కంటికి కనబడినది మరొకటి అయినప్పుడు మెదడు రెండింటినీ రాజీ చేసి మూడవదానిని సృష్టిస్తుందన్న మాట.

టర్బైన్ ఫ్లోర్ మీద పనిచేసిన వారెవరికీ ఈ విషయం కొత్త కాదు. అక్కడ ఎదుటివాని మాట సగం చెవికి, సగం కంటికి అందుతుంది. పెదవుల వంక చూడకుండా ఆ హోరులో సంభాషించడం దుర్లభం. మన పెద్దాయన ఏళ్ళ తరబడి తమకు తెలియకుండానే ఈ విద్యలో ఆరితేరారు. వినికిడి తగ్గిన తర్వాత పాత టెలివిజన్‌లో వార్తలు అర్థం కావడానికి ఆ విద్యే తోడ్పడింది. కొత్త టెలివిజన్‌లో పెదవులు మాటకు సాయం చేయడం మానివేసి, అడ్డు తగలసాగాయి. చెవి బాగున్నవారు ఆ తేడాను చికాకుగా భావించి సరిపెట్టుకొంటారు. పెదవుల మీద ఆధారపడిన వానికి మాత్రం అది ఊతకర్రను లాగివేయడం వంటిది. లిప్ సింక్ దోషాన్ని కేవలం వినోదానికి సంబంధించిన చిన్న విషయంగా మేము భావించకపోవడానికి కారణం ఇదే.

ఎంత తేడా సహ్యం?

ఈ విషయంలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఒక సిఫారసును వెలువరించింది. దాని ప్రకారం శబ్దం చిత్రం కంటే 45 మిల్లీసెకన్లు ముందున్నప్పుడు ప్రేక్షకులు తేడాను పసికడతారు. శబ్దం వెనుకబడినప్పుడు మాత్రం 125 మిల్లీసెకన్ల వరకు పసికట్టలేరు. సహించగల పరిమితులు శబ్దం ముందున్నప్పుడు 90, వెనుకబడినప్పుడు 185 మిల్లీసెకన్లు. ఒక మిల్లీసెకను అనగా సెకనులో 1000వ వంతు.

ఈ రెండు వైపులా పరిమితులు సమానంగా లేకపోవడం గమనార్హం. చాకిరేవు దృశ్యం ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. ఆలస్యంగా వచ్చే శబ్దానికి మనం పుట్టుక నుంచీ అలవాటుపడినాము. సినిమా హాలులో తెరకు 30 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి శబ్దం సుమారు 87 మిల్లీసెకన్లు, అనగా రెండు ఫ్రేముల కాలం ఆలస్యంగా చేరుతుంది. వారిలో ఎవరూ ఫిర్యాదు చేయరు. ముందుగా వచ్చే శబ్దాన్ని మాత్రం మన మెదడు సులువుగా అంగీకరించదు.

ఫిల్మ్ ప్రొజెక్టర్ల కాలంలో కూడా ఈ సమస్య ఉండేది. చిత్రం కోసం ఫిల్మ్ సెకనుకు 24 సార్లు ఆగి ఆగి నడవాలి, శబ్దం కోసం ఆగకుండా సాఫీగా నడవాలి. ఈ రెండూ ఒకే చోట సాధ్యం కావు. అందువలన 35 మిల్లీమీటర్ల ప్రొజెక్టరులో శబ్దాన్ని చదివే భాగాన్ని చిత్ర ద్వారానికి దిగువన, సుమారు 20 ఫ్రేముల దూరంలో అమర్చి, ప్రింటులో శబ్దాన్ని ఆ మేరకు ముందుకు జరిపి ముద్రించేవారు. ఆపరేటరు రీలు ఎక్కించేటప్పుడు మధ్యలో వదిలే ఫిల్మ్ మడత పొడవు తగ్గినా, పెరిగినా పెదవులకూ పలుకులకూ పొత్తు చెడేది. ఒక్క ఫ్రేము తేడాకు సుమారు 42 మిల్లీసెకన్లు.

జాప్యం పుట్టే చోటు

ఉపగ్రహం ద్వారా వచ్చే ప్రసారం భూమి నుంచి సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తుకు పోయి తిరిగి రావాలి గనుక ఆ దూరమే ఈ దోషానికి కారణమని కొందరు అపోహ పడతారు. ఆ ప్రయాణానికి దాదాపు పావు సెకను పట్టడం నిజమే. అయితే చిత్రమూ శబ్దమూ కలిసే ప్రయాణిస్తాయి. ఇద్దరు ప్రయాణికులూ ఒకే రైలులో ఉన్నప్పుడు రైలు ఆలస్యమైనా ఇద్దరూ కలిసే దిగుతారు. పైగా డిజిటల్ ప్రసారంలో చిత్రం మీదా, శబ్దం మీదా కాలముద్రలు ఉంటాయి. సెకనుకు 90 వేల అంకెల చొప్పున లెక్కించే గడియారం ప్రకారం వేసిన ఆ ముద్రలను చూసి సెట్‌టాప్ బాక్సు రెండింటినీ తగిన క్షణంలో బయటకు పంపుతుంది. కష్టమంతా స్టేషన్‌లో దిగిన తర్వాత వస్తుంది. అక్కడి నుంచి ఇద్దరూ వేరు వేరు దారులు పడతారు.

శబ్దం దారి దగ్గరది. రిసీవరు దానిని పెద్దది చేసి స్పీకర్లకు అందించడానికి సాధారణంగా ఎక్కువ సమయం పట్టదు. చిత్రం దారి చుట్టుదారి. మన దేశపు హెచ్‌డీ ప్రసారాలు చాలావరకు సెకనుకు 50 అర్ధచిత్రాలుగా వస్తాయి. టెలివిజన్ ఆ అర్ధచిత్రాలను జతచేసి పూర్తి చిత్రాలుగా మార్చాలి, తెర పరిమాణానికి పెంచాలి, రంగులు సవరించాలి, చుక్కలు తుడవాలి. ఇందుకు కొన్ని చిత్రాలను తన జ్ఞాపకంలో నిలుపుకోవాలి. నిలుపుకొన్న ప్రతి పూర్తి చిత్రానికీ 40 మిల్లీసెకన్ల జాప్యం. కదలికను నునుపు చేసే సదుపాయం ఉంటే జాప్యం ఇంకా పెరుగుతుంది. రెండు చిత్రాల నడుమ లేని చిత్రాన్ని కల్పించాలంటే రెండవ చిత్రం వచ్చేదాకా వేచి ఉండక తప్పదు కదా!

టెలివిజన్ తయారుచేసేవారికి ఈ సంగతి తెలుసు. కావున టెలివిజన్ సొంత స్పీకర్లకు పోయే శబ్దాన్ని ఆ మేరకు ఆపి, చిత్రంతో జతకలిపి వదులుతారు. శబ్దం టెలివిజన్‌ను తప్పించుకొని వేరే దారిన పోయినప్పుడు మాత్రం ఆ ఏర్పాటు పనికిరాదు. పెద్దాయన ఇంటిలో జరిగినది సరిగ్గా అదే. సెట్‌టాప్ బాక్సు నుంచి చిత్రం హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టెలివిజన్‌కు పోతున్నది. శబ్దం ఎరుపు, తెలుపు పిన్నుల తీగ ద్వారా నేరుగా రిసీవరుకు పోతున్నది. అమర్చిన కుర్రవానిని తప్పు పట్టలేము. తీగలన్నీ సరిగానే బిగించాడు, శబ్దమూ బ్రహ్మాండంగా వస్తున్నది.

ముందు గడియారం, తర్వాత మనిషి

ఇక్కడ ఒక పాత సంఘటనను ప్రస్తావించడం అవసరం. మేము ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక రాత్రి యూనిట్ ట్రిప్ అయింది. మరునాడు విచారణలో రెండు ప్యానెళ్ళ ముద్రిత రికార్డులను పక్కపక్కన పెట్టి చూశారు. కండెన్సరులో వాక్యూమ్ పడిపోయినట్లు అలారం రాకముందే టర్బైన్ వద్ద అత్యవసర ట్రిప్ మీట నొక్కినట్లు ఆ కాగితాలు చెప్పాయి. నొక్కినది మన ఫోర్‌మన్‌గారే. అకారణంగా యూనిట్‌ను ఆపివేశారన్న నింద వారి మీద పడబోయింది.

వారు కోపగించుకోలేదు. "అయ్యా, రెండు కాగితాలూ రెండు గడియారాలవి. ముందు గడియారాలు చూడండి. తర్వాత మనిషిని చూద్దురుగాని" అన్నారు. ఒకే సంకేతాన్ని ఒకే క్షణంలో రెండు ప్యానెళ్ళకూ ఇచ్చి పరీక్షించగా, వాటి గడియారాల నడుమ 3 సెకన్ల తేడా ఉన్నట్లు తేలింది. ఆ తేడాను సవరించి చదివితే అలారం ముందు, మీట తర్వాత. వారు చేసినది ముమ్మాటికీ సబబు. నేటి కేంద్రాలలో ప్యానెళ్ళన్నింటికీ ఉపగ్రహ ఆధారిత గడియారం నుంచి ఒకే కాలం అందే ఏర్పాటు ఉండడానికి కారణం ఇట్టి చిక్కులే.

అట్టి మనిషి నేడు తమ హాలులో కూర్చొని, ఏ గడియారమూ చూడకుండా, నేరాన్ని తమ చెవుల మీదనే వేసుకొన్నారు. మేము వారి పాఠాన్ని వారికే అప్పజెప్పి, పనికి ఉపక్రమించాము.

కొలత

మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. మన వర్ణమాల చాలు. ప, ఫ, బ, భ, మ అనే అక్షరాలు పెదవులు కలవనిదే పలకవు. వీటిని ఓష్ఠ్యాలని వ్యాకరణంలో చదువుకొన్నాము. వార్తలు చదివేవారి ముఖం దగ్గరగా కనబడుతున్నప్పుడు ఈ అక్షరాల కోసం కనిపెట్టి చూడాలి. పెదవులు కలిసి విడివడే క్షణమూ, ధ్వని వినబడే క్షణమూ ఒక్కటి కావాలి. ధ్వని ముందైతే శబ్దం తొందరపడుతున్నది, పెదవులు ముందైతే శబ్దం వెనుకబడింది. ఈ పరీక్షకు సినిమాలు పనికిరావు. మన సినిమాలలో సంభాషణలను తరచుగా చిత్రీకరణ తర్వాత స్టూడియోలో చెప్పిస్తారు. డబ్బింగ్ చిత్రాల సంగతి సరేసరి. ఒక్క చానెల్‌ను చూసి నిర్ణయానికి రావడమూ తగదు. దోషం ఆ చానెల్‌దే కావచ్చు. నాలుగయిదు చానెళ్ళలో ఒకే తీరుగా కనబడితేనే మన ఇంటి దోషమని నిర్ధారించాలి.

దోషం ఎంత అన్నది తెలుసుకోవడానికి రెండవ పరీక్ష. టెలివిజన్ సొంత స్పీకరునూ, రిసీవరు స్పీకర్లనూ ఒకేసారి మోగించాలి. రెండింటి నడుమ తేడా ఉంటే ప్రతి మాటా రెండుసార్లు, బావిలో పలికినట్లు వినబడుతుంది. టెలివిజన్ స్పీకరు చిత్రంతో జతకలిసే ఉంటుంది గనుక, ఆ రెండు పలుకుల నడుమ ఎడమే మనకు కావలసిన కొలత. ముందుగా టెలివిజన్ స్పీకరును మాత్రమే మోగించి, ఓష్ఠ్యాల పరీక్షతో అది సరిగా ఉన్నదని రూఢి చేసుకోవడం మంచిది.

మేము ఒక సంగీత చానెల్‌లో మృదంగం దెబ్బలను ఎంచుకొని, సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, ధ్వని తరంగాన్ని చూపే యాప్‌లో పరిశీలించాము. ప్రతి దెబ్బకూ రెండు శిఖరాలు. వాటి నడుమ సుమారు 130 మిల్లీసెకన్లు. ఐటీయూ సిఫారసులోని 90 మిల్లీసెకన్ల సహన పరిమితిని ఇది దాటిపోయింది. లోపం ఎవరిదో కాగితం మీద తేలిపోయింది.

సవరణ

చిత్రాన్ని వేగిరపరచడానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు తర్వాత శబ్దాన్ని ఆపడమే మార్గం. కావున సవరణను రెండు దశలలో చేపట్టాలి.

మొదటి దశలో టెలివిజన్ చేసే అనవసరపు పనులను తగ్గించాలి. చిత్రానికి సంబంధించిన మెనూలో కదలికను నునుపు చేసే సదుపాయాన్నీ, చుక్కలు తుడిచే సదుపాయాన్నీ ఆపివేయాలి. 'గేమ్ మోడ్' అనే అమరిక ఉంటే జాప్యం బాగా తగ్గుతుంది, కాని చిత్రపు నాణ్యత కొంత మారవచ్చు. పెద్దాయన టెలివిజన్‌లో నునుపు చేసే సదుపాయాన్ని ఆపగానే ఎడం 130 నుంచి 70 మిల్లీసెకన్లకు దిగింది.

రెండవ దశలో మిగిలిన తేడాకు సరిపడా శబ్దాన్ని ఆపాలి. చాలా రిసీవర్లలోనూ, సౌండ్‌బార్లలోనూ 'ఆడియో డిలే' లేదా 'లిప్ సింక్' అనే అమరిక ఉంటుంది. దానిని సున్నా నుంచి 10 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ పోయాము. 40 వద్ద మాటల జంట దగ్గరయింది. 60 వద్ద ప్రతిధ్వని సన్నగిల్లింది. 70 వద్ద రెండు గొంతులూ ఒక్క గొంతు అయిపోయాయి. అప్పుడు టెలివిజన్ స్పీకరును ఆపి, ఓష్ఠ్యాల పరీక్షతో మరొకసారి సరిచూసుకొన్నాము. కొలత, సవరణ, తిరిగి కొలత. మన వృత్తిలో ఏ పనికైనా ఇదే వరుస.

జెనరేటరును గ్రిడ్డుతో కలిపే పనిని ఎరిగిన మిత్రులకు ఇందులో పోలిక కనబడక మానదు. గ్రిడ్డు మన కోసం మారదు. మన యంత్రపు వేగాన్నే సవరించి, సింక్రోస్కోప్ ముల్లు నెమ్మదిగా 12 గంటల స్థానానికి చేరే వేళకు బ్రేకరును మూయాలి. ఇంటిలో చిత్రమే గ్రిడ్డు, శబ్దం మన యంత్రం. మార్చగలిగిన దానిని మార్చలేని దానికి అనుగుణంగా నడపడమే రెండు చోట్లా సూత్రం.

కొత్తగా పరికరాలు కొనేవారికి ఇంతకంటె సులువైన మార్గం ఉన్నది. చిత్రమూ శబ్దమూ రెండూ టెలివిజన్‌కే పోయి, అక్కడి నుంచి శబ్దం ఏఆర్‌సీ అనే మార్గంలో రిసీవరుకు వచ్చేటట్లు అమర్చుకోవచ్చు. 2009లో హెచ్‌డీఎంఐ ప్రమాణాలలో చేరిన ఈ సదుపాయం వలన టెలివిజన్ శబ్దాన్ని తన చిత్రంతో జతకలిపి పంపే వీలు కలుగుతుంది. అంతకుముందే, 2006 నాటి ప్రమాణంలో, టెలివిజన్ తన జాప్యం ఎంతో రిసీవరుకు తెలియజేసే ఏర్పాటు ప్రవేశించింది. 2017లో వెలువడిన ఈ-ఏఆర్‌సీలో ఈ సవరణను తప్పనిసరి చేశారు. అయినా రెండు పరికరాలలోనూ ఆ సదుపాయం ఉండాలి, మెనూలో అది పనిచేసే స్థితిలో ఉండాలి. రెండూ సరిచూసుకోనిదే ఫలితం ఉండదు.

మరి కొన్ని లక్షణాలు

జ్వరమొక్కటే అయినా కారణాలు వేరైనట్లు, ఈ దోషంలోనూ రకాలున్నాయి. లక్షణాన్ని బట్టి చికిత్స చేయాలి.

తేడా ఎల్లప్పుడూ ఒకే విధంగా ఉంటే, పైన చెప్పిన సవరణ సరిపోతుంది. ఒక చానెల్‌కే పరిమితమైతే మనం చేయగలిగినది లేదు. దాని కోసం రిసీవరు అమరికను మార్చితే మిగిలినవన్నీ చెడతాయి. సెట్‌టాప్ బాక్సుకు ఒక తేడా, డిస్క్ ప్లేయరుకు మరొక తేడా ఉంటే, ఒక్కొక్క ఇన్‌పుట్‌కు విడిగా జాప్యాన్ని గుర్తుంచుకొనే సదుపాయం రిసీవరులో ఉన్నదేమో చూసుకోవాలి.

సినిమా మొదట్లో సరిగా ఉండి, పోను పోను తేడా పెరిగితే అది గడియారాల తగవు. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ళలో ఇది తరచు కనబడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తయారైన శబ్దాన్ని 23.976 ఫ్రేముల చిత్రంతో జతచేస్తే గంటకు 3.6 సెకన్లు ఎడబాటు వస్తుంది. ఇక్కడ రిసీవరు ఏమీ చేయలేదు. ఫైలునే మార్చుకోవాలి.

అప్పుడప్పుడు మాత్రమే తేడా వచ్చి, చానెల్ మార్చి తిరిగి రాగానే పోతే అది సెట్‌టాప్ బాక్సు కాలముద్రలను తప్పిపోయిన లక్షణం. బాక్సును ఆపి తిరిగి పెట్టడం, సాఫ్ట్‌వేరును నవీకరించడం, డిష్ తీగ బిగువును చూడడం దీనికి మందు.

శబ్దమే వెనుకబడితే సమస్య కొంచెం జటిలం. ఆపవలసినది చిత్రాన్ని. టెలివిజన్‌కు సాధారణంగా ఆ సదుపాయం ఉండదు. మొదట రిసీవరులోని జాప్యం సున్నాలో ఉన్నదేమో చూడాలి. తర్వాత టెలివిజన్ నుంచి పోయే శబ్దపు రూపాన్ని పీసీఎంకు మార్చి చూడాలి. రిసీవరుకు విడమరిచే పని తగ్గి, కొంత సమయం కలిసివస్తుంది. బ్లూటూత్ స్పీకర్లలోనూ, మెడకు తగిలించుకొనే శ్రవణ పరికరాలలోనూ 100 నుంచి 200 మిల్లీసెకన్ల జాప్యం, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా సాధారణం. కావున హోమ్ థియేటర్‌కు తీగలే శ్రేయస్కరం. కంప్యూటరులో సినిమా చూసేవారు ప్లేయరులోనే శబ్దాన్ని ముందుకో వెనుకకో జరుపుకోవచ్చు.

స్పీకర్ల దూరం గురించి ఒక మాట. ప్రతి మీటరుకు శబ్దం సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకొంటుంది. సాధారణమైన హాలులో ఇది 10 మిల్లీసెకన్లకు అటూ ఇటూ ఉంటుంది గనుక పెదవుల పొత్తు విషయంలో లెక్కలోనికి రాదు. చెవి మిషనులోని జాప్యం కూడా సాధారణంగా 10 మిల్లీసెకన్ల లోపే. కనుక ఈ దోషాన్ని దాని మీదికి నెట్టడం న్యాయం కాదు.

ముగింపు

పనంతా ముగిసేసరికి సాయంత్రం వార్తల వేళ అయింది. పెద్దాయన కుర్చీని కొంచెం ముందుకు జరుపుకొని కూర్చున్నారు. శబ్దం మునుపటి స్థాయిలోనే ఉన్నది. వార్తలు ముగిసేవరకు ఎవరమూ మాట్లాడలేదు. అటు పిమ్మట వారు మా వైపు తిరిగి, "శ్రీశైలానికి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయన్నారో చెప్పమంటావా బాబూ?" అని అడిగి, అంకెతో సహా చెప్పారు.

చెవులు బాగుపడలేదు. అవి బాగుపడవు కూడా. అన్ని మాటలూ వారికి అర్థమయ్యాయనీ మేము అనబోము. పోయిన ఊతకర్ర తిరిగి చేతికి వచ్చింది, అంతే. "ఆరు నెలలు నన్ను నేనే అనుమానించుకొన్నాను" అన్నారు వారు. ఆ మాట మాకు బాధ కలిగించింది. పెద్దవారు "నాకే వినబడడం లేదు", "నాకే కనబడడం లేదు" అని సర్దుకుపోతుంటే, మనం కూడా వయసు ప్రభావమని తలపంకించి ఊరుకొంటాము. యంత్రం కొత్తది, మనిషి పాతవాడు గనుక లోపం మనిషిదేనని తీర్పు చెప్పడం తేలిక. పది నిమిషాల కొలత ఆ తీర్పును తారుమారు చేయవచ్చు.

చివరగా మన సిబ్బందికి ఒక విన్నపం. రోజుకు 8 గంటల పనిలో సగటున 85 డెసిబెళ్ళకు చేరిన చప్పుడు వినికిడికి ప్రమాదకరమని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ పరిగణిస్తున్నది. టర్బైన్, మిల్లు, కంప్రెసరు విభాగాలలో పనిచేసే మిత్రులు స్టోర్సు వారిచ్చే చెవి రక్షణ సాధనాలను జేబులో ఉంచుకోక చెవులకే ధరించవలసిందిగా కోరుతున్నాము. వెనుకబడిన శబ్దాన్నీ, తొందరపడిన శబ్దాన్నీ రిమోటు మీటతో సరిచేసుకోవచ్చు. పోయిన వినికిడిని తిరిగి తెచ్చే మీట ఏ రిమోటులోనూ లేదు.